మన ఊరి కూర మన హాస్టల్‌కు ఎందుకు పోదు?

(శంషాబాద్‌లో మహిళా రైతుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఇక్కడికి దగ్గరలోనే ఒక ఊళ్ళో తోటకూర కట్టలు కడుతున్న ఒకామె నాతో అన్న మాటతో మొదలుపెడతాను. “మా కూర పొద్దుగాల్నే గుడిమల్కాపూర్ పోతది మేడమ్. మా పిల్ల తినే హాస్టల్‌కు మళ్ల ఆడికెల్లే వస్తది. నడుమ ఎన్ని చేతులు మారుతదో నాకెరుక లేదు.” ఆ చేతుల గురించే నేనివాళ మాట్లాడదలచుకున్నాను.

ముందుగా ఈ నేల సంగతి. 1996 మార్చి 8న, సరిగ్గా మహిళా దినం నాడే, జీవో 111 వచ్చింది. జంట జలాశయాల కోసం 84 గ్రామాల్లో కట్టడాలను అదుపు చేసింది. ఈ మండలంలోని కొన్ని ఊళ్ళూ అందులో ఉన్నాయి. 2008 మార్చిలో సుమారు 5,500 ఎకరాల్లో విమానాశ్రయం మొదలైంది. ఔటర్ రింగ్ రోడ్డు వచ్చింది. 2022లో ఆ జీవో ఆంక్షలను ఎత్తేస్తూ ప్రభుత్వం ఇంకో జీవో ఇచ్చింది. గజాల లెక్కన బేరం జరిగే చోట కూరగాయలు పండించడమే వెర్రితనంగా కనబడుతుంది. బేరానికి కూర్చునేది మగవాళ్ళు. కలుపు తీసి, కోసి, కట్టలు కట్టేది ఆడవాళ్ళు. 2015-16 వ్యవసాయ గణన ప్రకారం దేశంలో కమతాలు నడిపేవారిలో స్త్రీలు సుమారు 14 శాతమే. శ్రమ మనది, పేరు మనది కాదు.

మరోవైపు చూడండి. తిండిగింజలకూ, కూరగాయలకూ, పాలకూ ప్రభుత్వాన్ని మించిన గిరాకీ ఎవరు? 2001లో సుప్రీంకోర్టు బడిపిల్లలకు వండిన భోజనం పెట్టమంది. 2003లో మన రాష్ట్రంలో మొదలైన ఆ పథకంలో వంట బాధ్యత ఎక్కువగా పొదుపు సంఘాల మీదే పడింది. 2004 అక్టోబరులో అదే కోర్టు అంగన్‌వాడీల ఆహార సరఫరాలో కాంట్రాక్టర్లు ఉండరాదనీ, గ్రామ సమూహాలకూ, స్వయం సహాయక బృందాలకూ, మహిళా మండళ్ళకూ ఆ పని అప్పగించడం మేలనీ చెప్పింది. అంటే పండించేది స్త్రీ, వండేది స్త్రీ, వడ్డించేది స్త్రీ. ఎవరి దగ్గర కొనాలన్న నిర్ణయం మాత్రం ఆమెది కాదు.

టెండరు కాగితం చదివితే కారణం తెలుస్తుంది. ముందుగా ధరావతు కట్టాలి, ఇన్ని లక్షల వ్యాపారం చేసినట్టు చూపాలి, అన్ని సరుకులూ ఒక్కరే ఇవ్వాలి. ఇరవైమంది ఆడవాళ్ళ సంఘం అక్కడే ఆగిపోతుంది. బిల్లులు సంగతి సరేసరి. మధ్యాహ్న భోజనం వండే అక్కచెల్లెళ్ళు కిరాణా కొట్లో అప్పులు పెట్టి వండటం మనమందరం చూసిందే.

ఆడవాళ్ళకు ఇంత పని చేతనవుతుందా అని అడిగేవారికి జహీరాబాద్ ప్రాంతం జవాబు చెప్పింది. డక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల దళిత స్త్రీలు, 1990ల నడుమ, కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖ సాయంతో ముప్పైకి పైగా ఊళ్ళలో రెండున్నర వేల ఎకరాలకు మించిన బీడును సాగులోకి తెచ్చారు. తీసుకున్న అప్పును జొన్నల రూపంలో తీర్చారు. ఆ జొన్నలను ఊళ్ళోనే దాచి, ఎవరు ఎంత పేదవారో తామే తేల్చి, తక్కువ ధరకు పంచారు. రేషన్ అంటే ఎక్కడినుంచో వచ్చే బియ్యమే కానక్కరలేదని చేసి చూపారు.

బ్రెజిల్ 2009లో ఒక చట్టం చేసింది. బడి భోజనానికి కేంద్రం ఇచ్చే డబ్బులో కనీసం 30 శాతం కుటుంబ రైతుల దగ్గర, వారి సంఘాల దగ్గర కొనాలంది. అయితే ‘కుటుంబం’ అన్న మాట దగ్గర మనం జాగ్రత్తగా ఉండాలి. కుటుంబం పేరున వచ్చిన డబ్బు ఎవరి చేతికి పోతుందో మనకు తెలుసు. అక్కడి స్త్రీలకూ తెలుసు. అందుకే 2023లో, కుటుంబం అమ్మే దాంట్లో కనీసం సగం స్త్రీ పేరున ఉండాలని ఆ చట్టంలో చేర్చారు.

కాబట్టి మన కోరికలు నాలుగు. హాస్టళ్ళు, అంగన్‌వాడీలు, బడులు కొనే సరుకులో కొంత వాటా చుట్టుపక్కల మహిళా రైతుల సంఘాలకు ప్రత్యేకించాలి. ఆ వాటాకు ధరావతు, టర్నోవరు షరతులు ఉండరాదు. సరుకు ఇచ్చిన పదిహేను రోజుల్లో డబ్బు స్త్రీ ఖాతాలో పడాలి. పట్టా లేకపోయినా సాగుచేసే స్త్రీని, కౌలుకు చేసే స్త్రీని రైతుగా గుర్తించాలి.

దీనితోనే ఈ నేల నిలుస్తుందని నేననను. కానీ రోజూ కొనే గిరాకీ పక్కనే ఉంటే, అమ్మేద్దామన్న మాట ఇంట్లో వచ్చినప్పుడు, వద్దనడానికి ఆమె చేతిలో ఒక లెక్క ఉంటుంది. ఆ లెక్క కోసమే ఈ పోరాటం.