వానచినుకువంటి అయాను

(వార్షికోత్సవ సందర్భమున ప్రధానోపాధ్యాయుని ప్రసంగము)



"తెలుగులో చదివిన పిల్లలు రేపు సైన్సు నెట్లు నేర్తురు?" అని మీరు మమ్ము తరచు అడుగుచుందురు. బొమ్మనహళ్ళిలో ఇంట తెలుగు, వీధిలో కన్నడము, కొలువులో ఇంగ్లీషు వినుచున్న మీకు ఈ సందేహము సహజమే. అందుకు బదులుగా నేడొక కొత్త విజ్ఞానవిషయమును మన మాటలలోనే చెప్ప యత్నింతుము.

మందుబిళ్ల పైపూతలో ఏ పదార్థము ఎంత లోతున నున్నది? ఇది తెలియవలెనన్న, పొరను కొంచెము కొంచెముగా ఊడదీసి, ఊడిన అణువులను తూచవలెను. విద్యుదావేశము గల పరమాణువునకు అయాను అని పేరు. అయానుల ధార వేగముగా తాకినచో, పైనున్న పదార్థము చిమ్మబడును. ఈ వింతను విలియం గ్రోవ్ 1852లోనే వర్ణించెను.

లోహములకు ఈ పద్ధతి చక్కగా అమరినది. కాని మందులు, ప్లాస్టిక్కులు, జీవకణములు పెద్ద పెద్ద కర్బన అణువులతో కట్టబడినవి. ఒంటరి ఆర్గాన్ అయాను 20,000 ఎలక్ట్రాన్ వోల్టుల శక్తితో వచ్చి, సూదివలె లోతుగా దిగి, దారిపొడవునను బంధములను తెంచును. పైకి వచ్చునది కొద్ది, లోపల చెడునది మెండు. పరీక్షింపబూనిన వస్తువే పరీక్షచే పాడగును.

దీనికి ఉపాయమును జపానులోని క్యోటో విశ్వవిద్యాలయమున ఇసావో యమదా ప్రభృతులు 1980 దశకమునుండి సాధించిన పని చూపినది. అధిక పీడనముగల వాయువును సన్నని రంధ్రము గుండ శూన్యములోనికి వదలగా, అది చల్లబడి వేలకొలది పరమాణువులు గుంపుగూడును. ఆ గుంపునకు ఆవేశమిచ్చి, అదే 20,000 ఎలక్ట్రాన్ వోల్టుల శక్తితో త్రోయుదురు. గుంపులో 2,000 పరమాణువులున్నచో, ఒక్కొక్క దాని వాటా 10 ఎలక్ట్రాన్ వోల్టులు మాత్రమే. మొత్తము శక్తి తగ్గలేదు, పంచబడినది.

ఎండిన ఇసుకపై వానచినుకు పడుట మీరెరుగుదురు. చిన్న గుంట యేర్పడును, రేణువులు చుట్టును చెదరును. చినుకు లోతునకు దిగదు. గుంపు పడినప్పుడును ఇట్లే. పైపొరలోని అణువులు పెక్కు చెక్కుచెదరక ఎగిరి, తూకమునకు అందును.

హాని బొత్తిగా లేదని మేము చెప్పము. కొంత చెడును; కాని చెడినదానిలో హెచ్చుభాగము తరువాతి దెబ్బలతో ఊడిపోవును, క్రింద మంచి పొర బయటపడును. ఈ గుంపు లోహములపై మాత్రము మెల్లగా పనిచేయును. ఏ పదార్థమునకు తగిన సాధనము దానికి ఉండవలెను గదా!

ఇంతవరకు చెప్పుటకు మనకు తెలుగు చాలినది. ఆర్గాన్, ఎలక్ట్రాన్ వంటి పేర్లు పెక్కు భాషలలో ఒక్కటే. వాటిని ఇంగ్లీషులోను తప్పక నేర్పుదుము. కాని పేరు వచ్చుట వేరు, విషయము అర్థమగుట వేరు. నేటి రాత్రి భోజనవేళ మీ పిల్లలను అడుగుడు: చినుకుకును సూదికిని భేదమేమి అని. వారు తెలుగున చెప్పు జవాబును ఓపికతో వినుడు. మీ సందేహమును వారే తీర్తురు.