జీతం లేని చోట అజమాయిషీ

ఆఫీసులో మేనేజర్ మాట వింటాం. జీతం ఉంది, చాలామందికి వీసా కాగితాలూ కంపెనీ చేతిలోనే ఉన్నాయి. వాలంటీర్‌కి అవేవీ లేవు. అయినా మన సంఘాల కాన్ఫరెన్స్ కాల్స్‌లో అదే మేనేజర్ గొంతు! మనుషులు సహజంగానే పని తప్పించుకుంటారనే నమ్మకానికి 1957లో డగ్లస్ మెక్‌గ్రెగర్ 'థియరీ ఎక్స్' అని పేరు పెట్టాడు. ఆ తర్వాత, 1959లో, ఫ్రెడరిక్ హెర్జ్‌బర్గ్ బృందం పిట్స్‌బర్గ్ ప్రాంతపు ఇంజనీర్లనీ అకౌంటెంట్లనీ (మన జాతే లెండి) అడిగి ఒక విషయం తేల్చింది. జీతం, పైవాళ్ల తీరు బాగోకపోతే విసుగొస్తుంది, బాగున్నంత మాత్రాన ఉత్సాహం రాదు. అది వచ్చేది పని సాధించిన తృప్తి నుంచి, గుర్తింపు నుంచి, బాధ్యత నుంచి. మన దగ్గరేమో కొత్తగా చేరినవాళ్లకి కుర్చీలు సర్దే పని, తీర్మానం రాసేది మాత్రం పెద్దలు నలుగురే. వచ్చే సభ తీర్మానం ముసాయిదా కొత్తవాళ్లనే రాయమందాం. దిద్దాల్సింది ఉంటే అందరి ముందూ సభలోనే దిద్దుదాం.