శ్రోతల రేడియో

పూర్వము మదనపల్లె, పుంగనూరు, కుప్పము వంటి ఊళ్లలో ఇంట రేడియో ఉంచుకొనువారు ఏటేటా పోస్టాఫీసునకు పోయి, లైసెన్సు రుసుము చెల్లించి, చిన్న పుస్తకములో ముద్ర వేయించుకొని వచ్చుచుండిరి. 1980వ దశకములో ఆ రుసుము రద్దయినది. నేడు వినువారికి ఆ ఖర్చు లేదు; సంతోషమే. అయితే రుసుముతోపాటు ఒక భావము కూడ మన ఇండ్లనుండి తొలగిపోయినదేమో యని మాకు తోచుచున్నది. ఈ రేడియోకు మేమును కొంత ఇచ్చుచున్నాము, కనుక ఇది మాది అను భావమది.

శ్రోతలే పోషించు రేడియో నిలువగలదా? ఈ ప్రశ్న క్రొత్తది కాదు. మన మూడు ఊళ్లును మద్రాసు రాజధానిలో చేరియున్న దినములలో, 1924వ సంవత్సరమున, చెన్నపట్టణములో సి. వి. కృష్ణస్వామి చెట్టిగారు మొదలగు ఉత్సాహవంతులు మద్రాసు ప్రెసిడెన్సీ రేడియో క్లబ్బును స్థాపించిరి. ఆ యేడే జూలై 31న ప్రసారములు ఆరంభమైనవి. అది సర్కారు సంస్థ కాదు. ఉత్సాహము గల సభ్యులు కూడి నడపినది. మూడేండ్లు గడచునప్పటికి ధనము చాలలేదు. 1927లో ప్రసారములు నిలిచిపోయెను. క్లబ్బువారి యంత్రము మద్రాసు కార్పొరేషనుకు చేరెను. కార్పొరేషనువారు 1930 ఏప్రిల్ 1 నుండి దానితో ప్రసారములు సాగించిరి. 1938 జూన్ 16న ఆలిండియా రేడియో మద్రాసు కేంద్రము వెలసినది.

క్లబ్బు మూతపడిన 1927లోనే, జూలై 23న, బొంబాయిలో ఇండియన్ బ్రాడ్‌కాస్టింగు కంపెనీ ప్రసారములు మొదలిడెను. శ్రోత యేటికి చెల్లించు పది రూపాయల లైసెన్సు రుసుములో అధికభాగము ఆ కంపెనీకి ముట్టుచుండెను. కాని లైసెన్సులు తీసికొన్నవారు కొద్దిమంది. తీసికొనకయే వినినవారును ఉండిరి. 1930 మార్చిలో ఆ కంపెనీయు మూతపడెను.

ఈ రెండు కథలు వినినవారు, శ్రోతలను నమ్ముకొన్న రేడియో బ్రతుకదని తేల్చివేయవచ్చును. మేము అట్లనుకొనము. ఆనాడు రేడియో పెట్టె ధనికుల వస్తువు. మాటలాడువారును వినువారును చాలవరకు పట్టణమువారే. పుంగనూరు రైతుకు పెట్టెయు లేదు, ఆ పెట్టెలో తన గొంతును లేదు. తనది కాని దానికి ఎవరు చందా ఇత్తురు? కొరత సొమ్ములోనే కాదు, శ్రోతల వలయము చిన్నదగుటలోనూ ఉన్నదని మా అభిప్రాయము.

ఆ వలయము పెరిగినప్పుడు ఏమగునో చూడవలెనన్న, జహీరాబాదు ప్రాంతమందలి మాచనూరు గ్రామమునకు పోవలెను. ఆకాశతరంగములు ప్రజల ఆస్తియని 1995లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. 2006లో ప్రభుత్వము స్వచ్ఛంద సంస్థలకు సముదాయ రేడియో నడుపుకొను అవకాశమిచ్చినది. 2008 అక్టోబరు 15న మాచనూరులో సంగం రేడియో పలికెను. డెక్కన్ డెవలప్‌మెంటు సొసైటీతో కలిసి పనిచేయు మహిళా సంఘములే దానికి ఆధారము. నడుపువారు దళిత మహిళలు. అనుమతి వచ్చువరకు వారు చేతులు ముడుచుకొని కూర్చుండలేదు. అంతకు సుమారు పదేండ్లు ముందునుండియే పాటలు, మాటలు టేపులపై నెక్కించి సంఘముల కూటములలో వినిపించుకొనిరి. జొన్న, సజ్జ, కొఱ్ఱ విత్తనముల సంగతులు, ఇంటి వైద్యము, పండుగ పాటలు అన్నియు వారి నుడికారములోనే. ఈ దినము మైకు ముందు కూర్చున్న ఆమె రేపు శ్రోత. నేటి శ్రోత రేపు మైకు ముందునకు వచ్చును. పాట తెచ్చిన ఆమెయు, అనుభవము చెప్పిన ఆమెయు ఆ రేడియోను పోషించినవారే.

ఇట్టి రేడియో మన ఊళ్లలో వెలసినచో ఏమి మాటలాడును? మదనపల్లెలో టమాటా ధర పడిపోయిన నాడు రైతుల మాట వినిపించును. పుంగనూరు పొట్టి ఆవును ఇంటిలో పెంచిన ముసలమ్మ, దాని పాలలోని వెన్న సంగతి చెప్పును. ఆ జాతిని కాపాడుచున్న పలమనేరు పశు పరిశోధన కేంద్రమువారు బదులు చెప్పుదురు. కుప్పములో తెలుగు, తమిళము, కన్నడము ఒకే అరుగుమీద కూర్చుండి మాటలాడుకొనును. ఇట్టి రేడియోకు అనుమతించు శక్తి నూరు వాట్లే; దాని గొంతు చుట్టుపట్ల ఊళ్లకు మాత్రమే వినబడును. మదనపల్లె మాట కుప్పమును చేరదు. కనుక ఏ ఊరి రేడియోను ఆ ఊరివారే నిలుపుకొనవలెను. 2006 నాటి నిబంధనలలో వ్యాపార ప్రకటనలకు గంటకు అయిదు నిమిషములే కేటాయించిరి. కరెంటు బిల్లు, యంత్రముల మరమ్మతు, దినదినము వచ్చి కూర్చుండు మనిషి జీతము ప్రకటనలవలననే గడచునని తలచుట పొరపాటు.

మేము వృత్తిరీత్యా మైకు ముందు కూర్చుండువారము. ఎదుట గోడ తప్ప మనుష్యుడు కనబడడు. ఎన్నో దినములు మా మాట ఎవరికైన చేరినదా యని సందేహించుచు ఇంటికి పోయినాము. మరునాడు ఒక పోస్టుకార్డు వచ్చును. మీరు చెప్పిన మాటలో ఫలానా తప్పున్నదని అందులో వ్రాసియుండును. ఆ కార్డు చూచి మాకు కలిగిన సంతోషము పొగడ్తలవలన కలుగలేదు. తప్పు దిద్దిన ఆ శ్రోత, ఈ రేడియో తనదని తలచినవాడు. అట్టివారు పదిమంది లేని ఊరిలో ఎంత గొప్ప యంత్రము నెలకొల్పినను అది మూగదే.

కనుక వినుచున్న ఇండ్లవారికి మా మనవి ఒక్కటే. సొమ్ము సంగతి తరువాత చూచుకొందము. ముందు ఒక కార్డు వ్రాయుడు. మీ ఇంటి పెద్దలకు వచ్చిన పాట ఏదియో, మీ పొలములో ఏమి పండుచున్నదో, మేము ఎక్కడ తప్పితిమో తెలుపుడు.