వేగిని



నేడు నేను మీతో వేగముగా పోవు పడవల నిర్మాణమును గూర్చి ముచ్చటింపదలచితిని. "మార్టూరు పంతులుకు పడవలతో నేమి పని?" యని మీరనవచ్చును. మాది పత్తియు మిరపయు పండు నేల. మాకు తెలిసిన వాహనము బండి. అయినను ముప్పదియేండ్ల క్రిందట ఒక బాలుడు నన్నొక ప్రశ్న యడిగెను. నేను వానికి తగని సమాధానము చెప్పితిని. ఆ తప్పు దిద్దుకొనుటకే యీ ప్రసంగము.

భోజమహారాజు పేర వెలసిన యుక్తికల్పతరువను సంస్కృతగ్రంథమున నౌకానిర్మాణము వర్ణింపబడినది. అందు పొడవైన నౌకలు పది విధములు: దీర్ఘిక, తరణి, లోల, గత్వర, గామిని, తరి, జంఘాల, ప్లావిని, ధారిణి, వేగిని. అన్నిటికిని వెడల్పు నిడివిలో ఎనిమిదవ పాలు. ఎత్తు పదియవ పాలు. మొదటిదగు దీర్ఘిక నిడివి 32 హస్తములు. కడపటిదగు వేగిని నిడివి 176 హస్తములు.

తరగతిలో ప్రసంగవశమున నేనీ పేర్లు చెప్పుచుండగా, వడ్రంగివారి పిల్లవాడొకడు లేచి, "మాస్టారూ, అన్నిటికంటె పెద్దదానికి వేగిని యని పేరెందుకండీ? చిన్నది గదా తేలికగా పరుగెత్తవలసినది?" అని యడిగెను. నాకు తెలియదు. తెలియదని చెప్పుటకు సిగ్గుపడి, "పేరునకు కారణమడుగరాదు. కూర్చుండి వల్లె వేయుము" అని గద్దించితిని. వాడు మఱల నన్నేమియు నడుగలేదు. ఆ యేడే బడి మానెను.

చాలకాలమునకు, ఒక కార్తికమాసమున సముద్రస్నానమునకై చీరాల దగ్గరి వాడరేవునకు పోయితిని. అచ్చట పడవలు బాగుచేయుచున్న యొకడు నన్ను గుర్తించి నమస్కరించెను. వాడే యా బాలుడు. నన్నును, నాతో వచ్చిన నలుగురను తన పడవలో నెక్కించుకొని యొడ్డు వెంబడి త్రిప్పెను. పడవ ముక్కు పైకెత్తుకొని, తోకను నీట ముంచి, యీడ్చుకొనుచు పోవుచుండెను.

"యంత్రము చిన్నదా నాయనా?" అంటిని.

"యంత్రము సరిపోతుంది మాస్టారూ. మీరంతా వెనకే కూర్చున్నారు. ఇద్దరు ముందుకు జరగండి" అనెను.

ఇద్దరు జరిగిరి. యంత్రమును తాకకయే పడవ ముక్కు దిగినది. కట్టు విప్పిన కోడెదూడవలె పరుగెత్తినది. బండిలో మిరపబస్తాలు వెనుకకు మొగ్గినచో కాడి పైకిలేచి ఎడ్ల గొంతుకలు పట్టును గదా! ఇదియు నట్టిదే. అప్పుడు నేను వాని పాత ప్రశ్నను వానికే వేసితిని. వాడు నవ్వి, ఇసుకమీద గీతలు గీచి చెప్పినదానిని, తరువాత నేను చదివి తెలిసికొన్నదానిని కలిపి మీకు విన్నవించుచున్నాను.

నీటిని చీల్చుకొని పోవు ప్రతి నౌకయు తన ముందొక యలను లేపును. వేగము హెచ్చినకొలది ఆ యల పొడవగును. అల పొడవు నౌక పొడవునకు సమానమైనప్పుడు ముక్కు ఒక యలమీదను, తోక మఱియొక యలమీదను నిలుచును. అంతకు మించి పోవలెనన్న, నౌక తాను లేపిన యలనే గట్టువలె నెక్కవలసి వచ్చును. అందుచేత 25 అడుగుల నౌకకు గంటకు సుమారు 12 కిలోమీటర్లును, 100 అడుగుల నౌకకు సుమారు 25 కిలోమీటర్లును సహజమైన హద్దు. నిడివి నాలుగింతలైన, వేగము రెండింతలు. 1870వ దశకమున విలియం ఫ్రౌడ్ అను ఆంగ్లశాస్త్రజ్ఞుడు టార్కీ పట్టణమున నీటితొట్టిలో చిన్న నమూనాలను లాగించి యీ నిరోధమును కొలిచెను. కావున నిడివి గల నౌకకు వేగిని యను పేరు చక్కగా చెల్లినది.

అయినచో నేటి చిన్నపడవలు గంటకు 80 కిలోమీటర్లు ఎట్లు పోవుచున్నవి? బాల్యమున మనమందఱము చెఱువులో పెంకులు విసరినవారమే. చదునైన పెంకు మునుగక నీటిమీద ఎగిరెగిరి పోవును. పడవయు నంతే. తగినంత వేగమున నీరే దాని యడుగును పైకి నెట్టును. అప్పుడది నీటిని చీల్చుట మాని నీటిపై జాఱును. ఇందులకు వెనుకభాగమున అడుగు తిన్నగా నుండవలెను. గుండ్రముగా వంగినచో నీరు దానిని క్రిందికి పీల్చును. ప్రక్క అంచులు పదునుగా నుండి నీటిని విదల్చివేయవలెను. బరువు తక్కువై, తగిన చోట నుండవలెను.

కాని పూర్తిగా చదునైన అడుగు అలలమీద దబదబ కొట్టుకొనును. రేమండ్ హంట్ అను అమెరికా శిల్పి, రెండు వాలుల యింటికప్పును తలక్రిందు చేసినట్లు అడుగును కోణముగా తీర్చెను. 1960లో మయామీనుండి నసావు వఱకు జరిగిన సముద్రపు పందెమున ఆ తీరుగల "మాపీ" యను పడవ గెలిచినది.

ఇక విలాసనౌకల మాట. ఇటలీదేశమున ఇసేయో సరస్సు ఒడ్డున సార్నికో యను ఊరు కలదు. అచ్చట రీవా వంశమువారు 1842లో పడవల పని మొదలిడిరి. ఆ వంశమునకు చెందిన కార్లో రీవా 1962లో "అక్వరామ" యను పడవను వెలువరించెను. మహాగని కఱ్ఱతో చేసి, పూతమీద పూతగా వార్నీషు పట్టించి, అద్దమువలె మెఱయించెడివారు. ఆ మెఱుపు కేవలము సొగసుకొఱకు కాదు. కఱ్ఱ నీరు త్రాగినచో బరువెక్కును. ఉబ్బి అతుకులు విడును. అందముగా కనబడునది రక్షయు నైనది.

మన తీరపు తెప్పను చూడుడు. తేలికకఱ్ఱ దూలములను చెక్కి, మేకులు లేక త్రాళ్లతో బిగించిరి. ఒడ్డున విరుగు కెరటములలో బిఱుసైనది పగులును. త్రాటికట్టు కొంచెము లొంగి నిలుచును. ఒడ్డు చేరినపిదప దూలములను విప్పి యారబెట్టుటయు, రీవావారు వార్నీషు పూయుటయు ఒకే శత్రువుతో పోరాటము. నేడు తెప్పలస్థానమున చాలవఱకు ఫైబరు పడవలు వచ్చినవి. పదార్థము మాఱినది, నీటి న్యాయము మాఱలేదు.

ఆ న్యాయమును మఱచుట ప్రమాదము. పత్తిబోరెములు ఎత్తుగా వేసిన బండి మలుపులో ఒఱగుట మీరెఱుగుదురు. జనము మీదికెక్కినకొలది పడవయు నట్లే ఒఱగును. 2019 సెప్టెంబరు 15వ తేదీన గోదావరిలో కచ్చులూరు వద్ద పడవ మునిగి ఎందఱో మరణించిరి. మీ యూరివారు విహారమునకు పోయినప్పుడు లైఫుజాకెట్టు తొడుగుకొనుడనియు, అందఱు నొకేప్రక్కకు గాని పైయంతస్తునకు గాని చేరవలదనియు మీరు గట్టిగా చెప్పవలెను. పెద్దల మాట వినుదురు.

నా శిష్యుడు ఇప్పుడును వాడరేవున పడవలు బాగుచేయుచున్నాడు. క్షమింపుమని నేను వానినడుగగా, "అదేంటి మాస్టారూ, ఆ పది పేర్లు నాకింకా వచ్చు" అని వరుసగా అప్పగించెను. నేను వల్లె వేయించినది వానికి నిలిచినది. వాడడిగినది నాకు ముప్పదియేండ్లకు తెలిసినది. మీ యింట పిల్లవాడు లేచి ప్రశ్న వేసినప్పుడు, తెలియకున్న తెలియదనుడు. వానిని మాత్రము కూర్చుండబెట్టకుడు.

సెలవు.