సీటు ఎక్కడ జారిపోతోంది?

(తల్లిదండ్రులు, ఇంటర్ విద్యార్థుల సమావేశంలో మాట్లాడిన మాటలివి. రాలేకపోయినవాళ్ళు చదువుకోవాలని ఇక్కడ పెడుతున్నాం.)



మన పిల్లలు పెద్ద కాలేజీల దాకా ఎందుకు వెళ్ళలేకపోతున్నారు అంటే బయటివాళ్ళు ఒక్క ముక్కలో తేల్చేస్తారు, "వాళ్ళకు చదువు మీద ఆసక్తి లేదు" అని. మనలో కూడా కొందరు ఈ మాట నమ్మేశారు. నేను నమ్మను. 2011 జనాభా లెక్కల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ మొత్తం అక్షరాస్యత 67 శాతం. మన ఎస్టీలది 49 శాతం. ఈ తేడా పిల్లల బుర్రలో పుట్టలేదు. ఒకటో తరగతి నుంచి కాలేజీ దాకా ఉన్న దారికి నాలుగు చోట్ల గండి పడింది. పిల్లలు అక్కడ జారిపోతున్నారు. ఆ నాలుగు చోట్లూ తెలిస్తే, అక్కడ మన మనిషిని నిలబెట్టుకోవచ్చు. ఈ రోజు ఆ సంగతే మాట్లాడుకుందాం.

మొదటి గండి ఒకటో తరగతిలోనే ఉంది. కోయ పిల్ల ఇంట్లో నీళ్ళను 'ఏర్' అంటుంది. బడికి పోతే తెలుగు పుస్తకంలో 'ఏరు' అంటే వాగు. టీచరు అడిగింది ఒకటి, పిల్లకు అర్థమయ్యింది ఇంకొకటి. తప్పు చెప్పిందని పక్కవాళ్ళు నవ్వుతారు. మర్నాటి నుంచి ఆ పిల్ల నోరు విప్పదు. గోండీ, కొలామి, సవర, కువి మాట్లాడే పిల్లలదీ ఇదే బాధ. ప్రాథమిక చదువు మాతృభాషలో చెప్పే ఏర్పాటు చేయాలని రాజ్యాంగం 350-ఎ అధికరణ రాష్ట్రాలకు చెప్తోంది. ఇది కుదరని పని అంటారా? కుమ్రం భీం పోరాటం తర్వాత 1943లోనే మార్లవాయిలో హైమన్‌డార్ఫ్ గోండు టీచర్లకు శిక్షణ కేంద్రం పెట్టించాడు. గోండీలో వాచకాలు తయారుచేయించాడు. ఎనభై ఏళ్ళ కిందట అయిన పని ఇప్పుడెందుకు కాదు?

పిల్లల భాష తెలిసిన టీచరు బడిలో ఉండాలంటే మన ఊళ్ళ నుంచే టీచర్లు రావాలి. 2000 జనవరిలో వచ్చిన జీవో నంబర్ 3 షెడ్యూల్డు ప్రాంతాల బడుల్లో టీచరు పోస్టులన్నీ స్థానిక ఆదివాసీలకే ఇచ్చింది. 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. దీన్ని ఉద్యోగాల గొడవగానే చూశాం చాలామందిమి. నిజానికి అది ఒకటో తరగతి పిల్లల గొడవ కూడా. దాని బదులు గట్టి చట్టం కావాలని అడుగుతూనే ఉందాం. ఈలోగా ఒక పని మన చేతుల్లో ఉంది. సాయంత్రం పూట ఊళ్ళో చదువుకున్న ఒక్కరు చిన్నపిల్లల్ని కూర్చోబెట్టుకుని, ఆ రోజు పాఠం మన భాషలో చెప్పి, తర్వాత తెలుగులో చెప్పించాలి. గంట చాలు. ఇంట్లో మాత్రం మన భాష మానేయకండి. తన భాషలో ధైర్యంగా మాట్లాడే పిల్ల రెండో భాష కూడా తొందరగా పట్టుకుంటుంది.

రెండో గండి ఐదో తరగతి దగ్గర. నవోదయ, ఏకలవ్య బడుల్లో ఆరో తరగతికి ప్రవేశ పరీక్ష ఉంటుంది. తెలంగాణలో గురుకులాలకైతే ఐదో తరగతికే పరీక్ష. అంటే గురుకులానికి పిల్ల నాలుగులో ఉండగా, మిగతావాటికి ఐదులో ఉండగా దరఖాస్తు పెట్టాలి. ఏకలవ్య ఒక్కో బడిలో ఆరు నుంచి పన్నెండు దాకా 480 మంది చదువుకుంటారు. అక్కడ చేరిన పిల్లకు ఏడేళ్ళ చదువు ఒకే చోట. మన గూడేలకు ఈ కబురు చేరేసరికి చివరి తేదీ దాటిపోతోంది. ఇంకో మాట. పిల్లను హాస్టల్లో వేసి సంక్రాంతి దాకా మర్చిపోవద్దు. నెలకోసారి వెళ్ళండి. ఒంట్లో బాగుందా, తిండి తింటోందా, లెక్కలు అర్థమవుతున్నాయా అని అడగండి. జ్వరం అని ఫోన్ వస్తే ఆ రోజే బయల్దేరండి.

మూడో గండి పది పాసయ్యాక. "ఏ హాస్టల్లో సీటు ఉంటే అందులో వేసెయ్, ఏ గ్రూపు ఖాళీ ఉంటే అదే తీసుకో" అంటాం. కానీ ఎంపీసీ తీసుకుంటేనే ఇంజనీరింగ్. బైపీసీ తీసుకుంటేనే మెడిసిన్. ఈ సంగతి రెండేళ్ళ తర్వాత తెలిస్తే లాభం లేదు. సీఈసీ, హెచ్ఈసీ తక్కువేం కాదు. ఆ గ్రూపులతో ఐదేళ్ళ లా కోర్సులో చేరొచ్చు. 1/70 చట్టం ఉన్నా మన భూములు పోతున్నాయి. ఆ కేసులు వాదించడానికి మన లాయర్లు ఎంతమంది ఉన్నారో లెక్క పెట్టండి. ఏ గ్రూపైనా సరే, పిల్ల ఏం కావాలనుకుంటోందో అడిగి, ఆ చదువు చదివినవాళ్ళతో మాట్లాడించి చేర్చండి.

నాలుగో గండి ఇంటర్ రెండో ఏడాది. ఎక్కువమంది ఇక్కడే పోతున్నారు, మార్కులు వచ్చినవాళ్ళు కూడా. జేఈఈ మెయిన్ జనవరిలో ఒకసారి, ఏప్రిల్‌లో ఒకసారి. మొదటిదానికి దరఖాస్తు ముందు ఏడాది చివర్లోనే పెట్టాలి. నీట్, ఈఏపీసెట్, సెంట్రల్ యూనివర్సిటీల సీయూఈటీ మూడూ దాదాపు మే నెలలో. అంటే మన ఇళ్ళల్లో ఇప్పపువ్వు ఏరడం అయ్యి తునికాకు కోత నడిచే రోజులు. పిల్ల కూడా కట్టలు కట్టడానికి అడవికి పోతుంది. ఆ ఒక్క నెలా పిల్లను పనికి పిలవకండి. కూలి పోతుందని తెలుసు. కానీ ఆ నెలలో పోయే సీటు మళ్ళీ ఏడాది దాకా రాదు.

మనకున్న హక్కులు కూడా తెలుసుకోండి. ఐఐటీ, ఎన్ఐటీల్లో 7.5 శాతం సీట్లు ఎస్టీలవి. అక్కడ మనకు ట్యూషన్ ఫీజు లేదు, మెస్ ఖర్చులు వేరే కట్టుకోవాలి. ఐఐటీ సీటుకు ఇంటర్‌లో మిగతావాళ్ళకు 75 శాతం మార్కులు అడిగితే మనకు 65 శాతం. జేఈఈ మెయిన్, నీట్ ప్రశ్నపత్రం తెలుగులో కూడా తీసుకోవచ్చు. జేఈఈ అడ్వాన్స్‌డ్ మాత్రం ఇంగ్లీషు, హిందీల్లోనే ఉంటుంది. విజయనగరం జిల్లాలో ఒకటి, ములుగులో సమ్మక్క సారక్క పేరుతో ఒకటి, రెండు సెంట్రల్ ట్రైబల్ యూనివర్సిటీలు వచ్చాయి. వాటిలో మన పిల్లలు కనబడకపోతే ఆ పేర్లు బోర్డు మీదే మిగిలిపోతాయి.

ఇక కాగితాలు. ఆధార్‌లో ఒక పేరు, పది మెమోలో ఇంకో పేరు ఉంటే కౌన్సెలింగ్‌లో ఆగిపోతారు. పదిలోకి రాకముందే సరిచేయించండి. రాష్ట్రం ఇచ్చే కుల సర్టిఫికెట్ ఒకటి. కేంద్ర సంస్థలు అడిగే నమూనా వేరు. రెండూ ముందే తీసి పెట్టుకోండి. ఆదాయ సర్టిఫికెట్, బ్యాంకు ఖాతా లేకపోతే స్కాలర్‌షిప్ ఆగుతుంది. దరఖాస్తులో నెట్ సెంటర్ వాళ్ళ నంబరు వేయించకండి. ఓటీపీ వాళ్ళకు పోతుంది, సీటు వచ్చిన కబురు కూడా వాళ్ళకే పోతుంది. ఇంట్లో ఒక సిమ్ ఈ పనికే ఉంచి, రీచార్జి అయిపోకుండా చూసుకోండి. సిగ్నల్ లేని ఊరైతే వారానికి రెండు రోజులు ఎవరో ఒకరు గుట్ట ఎక్కి చూసి రావాలి.

ఇవన్నీ ప్రభుత్వం చేయాల్సిన పనులు కావా అని మీరు అడగొచ్చు. అవును, చేయాల్సినవే. ప్రతి ఐటీడీఏలో దరఖాస్తులు నింపిపెట్టే సాయం, ప్రతి ఆశ్రమ పాఠశాలలో లెక్కలకు, సైన్సుకు, ఇంగ్లీషుకు పూర్తి టీచర్లు, తునికాకు నెలలో ఊరి దగ్గరే సర్టిఫికెట్లు. ఇవి మన డిమాండ్లు. గ్రామసభలో తీర్మానం చేసి రాతపూర్వకంగా ఇద్దాం. కానీ ఈ ఏడాది ఇంటర్ చదివే పిల్ల మన డిమాండు నెరవేరేదాకా ఆగలేదు. ఆమెకు జనవరిలోనే పరీక్ష.

అందుకని డిగ్రీ దాకా వచ్చిన ప్రతి ఒక్కరినీ ఒక్కటే అడుగుతున్నా. మీ ఊళ్ళో ఒక నోటు పుస్తకం పెట్టండి. ఐదుగురు పిల్లల పేర్లు రాయండి. ఎదురుగా తరగతి, కావాల్సిన కాగితాలు, రాయాల్సిన పరీక్ష, చివరి తేదీ రాయండి. తేదీలు ఏటా కొంచెం మారతాయి, కాబట్టి అధికారిక వెబ్‌సైట్ చూసే రాయండి. ఆ ఐదుగురూ కాలేజీలో చేరాక కూడా మొదటి ఏడాది వారానికోసారి ఫోన్ చేయండి. "కోటాలో వచ్చావు" అని ఎవరైనా అంటే ఏం చెప్పాలో, ఎవరికి ఫిర్యాదు ఇవ్వాలో ఆ పిల్లకు మీరు తోడుండి చెప్పండి. ఒంటరిదాన్ని అనుకున్నప్పుడే పిల్లలు పెట్టె సర్దుకుని ఇంటికొచ్చేస్తారు.

జల్, జంగల్, జమీన్ కోసం మన పెద్దలు నిలబడ్డారు. ఆ పక్కన చదువును కూడా నిలబెడదాం. నోటు పుస్తకం ఈ ఆదివారమే మొదలుపెట్టండి.

జై ఆదివాసీ!