దొరల బంగ్లాలో అంత చలి ఎందుకు?

ఇంగ్లండ్‌లో, యార్క్‌షైర్ పల్లెల్లో ఒక పాత దొరల బంగ్లా, ఇప్పుడు హోటల్. అమ్మానాన్నలతో రెండు రాత్రులు ఉన్నా. ఓక్ మెట్లు, నిలువెత్తు పటాలు, హాల్లో ఫైర్‌ప్లేస్... సినిమా సెట్టే! కానీ కార్పెట్ అరిగిపోయింది, కిటికీ సందుల్లోంచి చలిగాలి. "ఇంత డబ్బు పోసి స్వెట్టర్ వేసుకుని పడుకోవాలా రా?" అన్నారు నాన్న.

న్యాయమైన ప్రశ్నే. చాలామంది 'మెయింటెనెన్స్ లేదు' అని ఒక్క స్టార్ ఇచ్చేస్తారు. కానీ అక్కడ ఇలాంటివి చాలావరకు లిస్టెడ్ బిల్డింగులు. పాత కిటికీ తీసి డబుల్ గ్లాస్ పెట్టాలన్నా మామూలుగా లోకల్ కౌన్సిల్ పర్మిషన్ కావాలి. లేకుండా మారిస్తే క్రిమినల్ కేసే. మన లెగసీ కోడ్ టైపు అన్నమాట, ముట్టుకోవాలంటే అప్రూవల్! పైగా 1894లో వచ్చిన ఎస్టేట్ డ్యూటీ, 1949కల్లా బాగా పెద్ద ఆస్తుల మీద 80 శాతానికి చేరింది. కట్టలేక కొందరు ఇళ్లు కూలగొట్టేశారు, కొందరు అమ్ముకున్నారు. అలా కొన్ని స్కూళ్లు, హోటళ్లు అయ్యాయి.

అలాగని పెద్దవాళ్లని చలిలో పడుకోబెట్టమని కాదు. అమ్మకి మోకాళ్ల నొప్పులు, అందుకే ముందే ఫోన్ చేసి గ్రౌండ్ ఫ్లోర్ రూమ్ అడిగి తీసుకున్నా. మీరూ లిఫ్ట్ ఉందా, హీటర్ రాత్రంతా ఆన్‌లో ఉంటుందా అని అడిగాకే డబ్బులు కట్టండి. ఫొటోల్లో ఇవేవీ కనపడవు.