కేసు షీటు ఎవరిది?

(మహిళా కార్యకర్తల శిక్షణా సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మన కౌన్సెలింగ్ కేంద్రాలకు వచ్చే స్త్రీలలో చాలామంది మొదట దెబ్బల గురించి చెప్పరు. నిద్ర పట్టడం లేదనీ, గుండెదడగా ఉంటోందనీ, బతకాలని లేదనీ చెప్తారు. మనం రాసుకుంటాం. అవసరమైతే మానసిక వైద్యుల దగ్గరకు పంపుతాం. కొన్నాళ్ళకు భర్త వచ్చి ‘మా ఆవిడ గురించి రాసిన కాగితం ఇవ్వండి’ అంటాడు. ఆ కాగితం విడాకుల కేసులోనో, పిల్లల కస్టడీ కేసులోనో తేలుతుంది. ఇవాళ నేను మాట్లాడదలచుకున్నది ఆ కాగితం గురించే.

స్త్రీ నోరు మూయించడానికి ‘పిచ్చిది’ అన్న మాట పాత ఆయుధం. ఎదురు తిరిగితే పిచ్చి, ఏడిస్తే పిచ్చి, ఇల్లు వదిలి వెళ్తే పిచ్చి. హిందూ వివాహ చట్టం 13వ సెక్షన్ మానసిక రుగ్మతను విడాకులకు ఒక కారణంగా గుర్తిస్తుంది. అయితే రుగ్మత పేరు చెబితే చాలదనీ, కలిసి బతకమని అడగలేనంత తీవ్రంగా ఉందని రుజువు చెయ్యాలనీ సుప్రీంకోర్టు 1988లోనే చెప్పింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్ళిన ఒక కేసులో, భార్యకు స్కిజోఫ్రీనియా ఉందంటూ భర్త అడిగిన విడాకులను 2013లో నిరాకరించింది. ఆమె పై చదువు చదివి ఉద్యోగం చేస్తున్న సంగతిని లెక్కలోకి తీసుకుంది. మంచి తీర్పే. కానీ ఢిల్లీ దాకా పోరాడే శక్తి ఎంతమందికుంటుంది? చాలామంది పెద్దమనుషుల పంచాయితీలోనే ఓడిపోతారు.

2018 మే నుంచి అమల్లో ఉన్న మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017 మనకు కొన్ని పనిముట్లనిచ్చింది. మానసిక వ్యాధి ఉన్నంత మాత్రాన మతిస్థిమితం లేనట్టు కాదనీ, అది తేల్చవలసింది కోర్టేననీ 3వ సెక్షన్ అంటుంది. వైద్య వివరాలు గోప్యంగా ఉంచాలని 23వ సెక్షన్ అంటుంది. ప్రాణాపాయం, కోర్టు ఉత్తర్వు వంటి కొన్ని మినహాయింపులున్నాయి. ‘భర్త అడిగాడు’ అనేది వాటిలో లేదు.

అయితే ఇక్కడొక మెలిక ఉంది. రోగి తరఫున వ్యవహరించే నామినేటెడ్ ప్రతినిధికి అవసరమైన సమాచారం ఇవ్వవచ్చు. నిర్ణయం తీసుకోలేని స్థితిలో ఉన్న మనిషిని 89వ సెక్షన్ కింద ఆస్పత్రిలో చేర్చమని దరఖాస్తు చేసేదీ ఆ ప్రతినిధే. ఆమె ముందుగా ఎవరి పేరూ రాయకపోతే ఆ స్థానంలోకి బంధువు వస్తారు. చట్టం నిర్వచనంలో భర్తా బంధువే. అంటే, కొట్టినవాడే ప్రతినిధి అయ్యే ప్రమాదం ఉంది.

దీనికి విరుగుడు 14వ సెక్షన్‌లోనే ఉంది. తనకు నమ్మకమైన మేజర్ వ్యక్తి పేరును తెల్లకాగితం మీద రాసి సంతకమో వేలిముద్రో వేస్తే చాలు. ఆ వ్యక్తి రాతపూర్వకంగా ఒప్పుకోవాలి. తర్వాత ఎప్పుడైనా మార్చుకోవచ్చు. అక్కనో, స్నేహితురాలినో పెట్టుకోవచ్చునని మనం ఎంతమందికి చెప్తున్నాం? బలవంతంగా చేర్చినా, స్త్రీ విషయంలో 3 రోజుల్లోగా రివ్యూ బోర్డుకు తెలపాలి. ఆ చేర్పును ఆమె బోర్డు ముందు సవాలు చెయ్యవచ్చు. ఉచిత న్యాయసహాయం పొందే హక్కూ ఉంది.

ఇక మన నైతిక బాధ్యత. 23వ సెక్షన్ ఆరోగ్య వృత్తిలో ఉన్నవాళ్ళకు వర్తిస్తుంది. మనలో చాలామంది ఆ నిర్వచనంలోకి రాము. అందువల్ల బాధ్యత తగ్గదు. ‘ఎవరికీ చెప్పం’ అని ఉత్త మాట ఇవ్వకూడదు. కోర్టు పిలిస్తే చెప్పవలసి రావచ్చునని మొదటి రోజే చెప్పాలి. ఆమె అన్నది ఆమె మాటల్లోనే రాయాలి. ‘హిస్టీరికల్’, ‘సర్దుకుపోలేని స్వభావం’ అన్న ముద్రలు మన కలం నుంచి రాకూడదు. దెబ్బలు తిన్న సంగతి రాయకుండా నిద్రలేమి మాత్రమే రాస్తే హింస మాయమై జబ్బు మిగులుతుంది.

అన్నిటికన్నా కష్టమైన ప్రశ్న ఒకటుంది. ‘చచ్చిపోతాను, ఎవరికీ చెప్పకండి’ అని ఆమె అంటే? అప్పుడు గోప్యత కన్నా ప్రాణం ముఖ్యం. కానీ ఎవరికి చెప్పాలన్నది మన చేతిలోనే ఉంది. అలవాటుగా భర్తకు ఫోన్ చెయ్యకూడదు. ఎవరిని పిలవాలో ఆమెనే అడగాలి. వైద్య సహాయం అందేదాకా ఆమెను ఒంటరిగా వదలకూడదు.

మీ కేంద్రాలకు వెళ్ళాక బీరువాలోని ఫైళ్ళు ఒకసారి తీసి చదవండి. ఒక్కొక్క వాక్యాన్ని ఎదుటిపక్షం వకీలు చదువుతున్నట్టు చదవండి. ఆ స్త్రీకి అది అండగా నిలుస్తుందా, ఆమెకే ఎదురు తిరుగుతుందా? మీరే చర్చించి తేల్చండి.